పింఛను లండన్‌ది, ఆసుపత్రి స్పెయిన్‌ది.. మరి బిల్లు ఎవరిది? బ్రెగ్జిట్ వేళ బ్రిటన్ పెద్దలను కాపాడిన ఒక్క కాగితం కథ

స్పెయిన్ తూర్పు తీరంలో అలికాంటె అనే ప్రాంతం ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ, పక్కనే సముద్రం, బ్రిటన్‌తో పోలిస్తే తక్కువ ఖర్చు. అందుకే బ్రిటన్‌లో ఉద్యోగం చేసి రిటైర్ అయినవాళ్లు వేల మంది అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. వాళ్లలో ఒక పెద్దాయనను ఊహించుకుందాం. వయసు 74. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో బస్సు డ్రైవర్. ఇప్పుడు రెండు కిడ్నీలు పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్.

ఆయనకు పింఛను వచ్చేది బ్రిటన్ నుంచి. డయాలసిస్ చేసేది స్పెయిన్ ప్రభుత్వ ఆసుపత్రి. డయాలసిస్ కోసం ఆయన జేబులోంచి ఒక్క యూరో కూడా తీయడు. ఇన్నేళ్లూ అలాగే గడిచిపోయింది. ఆ సౌకర్యం ఎక్కడి నుంచి వచ్చిందో చాలామంది ఎప్పుడూ ఆలోచించలేదు కూడా.

2016 జూన్ 23న బ్రిటన్‌లో రెఫరెండం జరిగింది. యూరోపియన్ యూనియన్ నుంచి బయటకు రావాలని 51.9 శాతం మంది ఓటేశారు. ఇందులో ఇంకో ట్విస్ట్ ఏంటంటే.. దేశం విడిచి 15 ఏళ్లు దాటిన బ్రిటిష్ పౌరులకు అప్పట్లో ఓటు హక్కే లేదు. అంటే ఎవరి జీవితం మీద ఆ ఫలితం నేరుగా పడుతుందో, వాళ్లలో చాలామంది ఓటు వేయలేకపోయారు. మర్నాడు పొద్దున్నే అలికాంటెలో, మలాగాలో, ఫ్రాన్స్ పల్లెల్లో ఉన్న పెద్దవాళ్ల ముందు నిలబడిన ప్రశ్న ఒక్కటే. "మరి నా ఆసుపత్రి సంగతేంటి?"

ఈ ప్రశ్నకు పూర్తి జవాబు రావడానికి నాలుగేళ్లకు పైగా పట్టింది. పక్కపక్క దేశాల ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకుంటే తప్ప ఆ డయాలసిస్ మిషన్‌కు గ్యారంటీ లేని పరిస్థితి. అసలు ఆ ఒప్పందం ఏంటి? ఎవరు ఎవరికి కడతారు? ఎవరు మిగిలారు, ఎవరు జారిపోయారు? విదేశాల్లో ఉన్న మన తెలుగువాళ్లు దీని నుంచి ఏం తెలుసుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలేంటీ ఎస్1?

ఈ కథంతా ఒక ఫారం చుట్టూ తిరుగుతుంది. దాని పేరు ఎస్1. ఇంతకుముందు దీన్ని ఈ121 అనేవాళ్లు.

దీని వెనకున్న సూత్రం చాలా సింపుల్. పింఛను ఏ దేశం ఇస్తుందో, వైద్యం ఖర్చు కూడా ఆ దేశమే భరించాలి. మనిషి ఎక్కడ ఉన్నా సరే. యూరప్ దేశాల మధ్య ఈ రకం సామాజిక భద్రత సమన్వయం 1950ల చివర్లోనే మొదలైంది. బ్రిటన్ 1973 జనవరి 1న, స్పెయిన్ 1986 జనవరి 1న ఆ కూటమిలో చేరాయి. ఆ తర్వాత రెండు దేశాల మధ్యా ఇదే పద్ధతి నడిచింది.

ఎలా పనిచేస్తుందంటే.. బ్రిటన్ ప్రభుత్వ పింఛను తీసుకుంటున్న వ్యక్తి స్పెయిన్‌లో స్థిరపడాలనుకుంటే, బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ అంటే ఎన్‌హెచ్‌ఎస్‌కు చెందిన విభాగానికి దరఖాస్తు చేసుకోవాలి. అక్కడి నుంచి ఎస్1 వస్తుంది. దాన్ని తీసుకెళ్లి స్పెయిన్ సామాజిక భద్రత కార్యాలయంలో నమోదు చేయించాలి. ఆ నమోదు పత్రంతో దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్తే హెల్త్ కార్డు ఇస్తారు. అక్కడి నుంచి ఆ మనిషికీ, పక్కింటి స్పెయిన్ పౌరుడికీ తేడా ఉండదు. అదే డాక్టర్, అదే క్యూ, అదే ఆపరేషన్ థియేటర్.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఎస్1 ఉన్నంత మాత్రాన బ్రిటన్‌లో దొరికినట్టే అన్నీ ఉచితంగా దొరకవు. ఏ దేశంలో ఉంటే ఆ దేశం రూల్స్ వర్తిస్తాయి. స్పెయిన్‌లో పింఛనుదారులు మందుల ఖర్చులో కొంత వాటా కట్టాలి, దానికి నెలవారీ పరిమితి ఉంటుంది. ఫ్రాన్స్‌లో అయితే డాక్టర్ ఫీజులో ప్రభుత్వం సాధారణంగా 70 శాతం ఇస్తుంది. మిగతాదానికి అక్కడివాళ్లలాగే వీళ్లు కూడా విడిగా టాపప్ ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిందే.

చాలామంది కన్ఫ్యూజ్ అయ్యేది ఇంకొకటి ఉంది. టూరిస్టులు పట్టుకెళ్లే కార్డు వేరు, ఎస్1 వేరు. పాత ఈహెచ్‌ఐసీ కార్డు గానీ, 2021 జనవరిలో దాని స్థానంలో వచ్చిన జీహెచ్‌ఐసీ కార్డు గానీ తాత్కాలికంగా వెళ్లినవాళ్లకు. వారం రోజులు సెలవుకు వెళ్లి కాలు విరగ్గొట్టుకుంటే అది పనికొస్తుంది. ఇల్లు కొనుక్కుని స్థిరపడినవాళ్లకు అది చెల్లదు. వాళ్లకు కావాల్సింది ఎస్1.

బిల్లు ఎవరు కడుతున్నారు? లెక్క ఎంత?

స్పెయిన్ ఆసుపత్రి ఉచితంగా చూస్తోందంటే స్పెయిన్ దానం చేస్తోందని కాదు. వెనక నుంచి బ్రిటన్ డబ్బు కడుతుంది. అయితే ఒక్కో బిల్లూ లెక్కేసి కాదు. స్పెయిన్, ఐర్లాండ్, పోర్చుగల్, సైప్రస్ లాంటి దేశాలకు తలసరి సగటు లెక్కన కట్టే పద్ధతి ఉంది. ఒక పింఛనుదారుడికి ఏడాదికి సగటున ఇంత అని లెక్క కట్టి, ఎంతమంది ఉంటే అంత చెల్లిస్తారు. ఫ్రాన్స్ లాంటి దేశాలకు మాత్రం నిజంగా అయిన ఖర్చు ప్రకారం కడతారు.

ఇప్పుడు అసలు లెక్క చూడండి. 2014-15లో ఈ ఒప్పందాల కింద బ్రిటన్ మిగతా యూరప్ దేశాలకు కట్టింది దాదాపు 67 కోట్ల పౌండ్లు. ఆ దేశాల నుంచి బ్రిటన్‌కు వచ్చింది 5 కోట్ల పౌండ్ల లోపే! ఒక్క స్పెయిన్‌కే బ్రిటన్ 22 కోట్ల పౌండ్లకు పైగా కట్టింది.

ఈ అంకెలు చూపించి, "మనమే ఎక్కువ కడుతున్నాం, మనకు వచ్చేది ఏమీ లేదు" అని బ్రిటన్‌లో కొందరు గట్టిగానే వాదించారు. ఇందులో కొంత నిజం ఉంది. బ్రిటన్ ఆసుపత్రులు విదేశీ రోగుల వివరాలు సరిగ్గా నమోదు చేయక, రావాల్సిన డబ్బు కూడా వసూలు చేసుకోలేకపోతున్నాయని అక్కడి పార్లమెంటు కమిటీయే తప్పుబట్టింది.

కానీ అసలు కారణం వేరే ఉంది. బ్రిటన్ నుంచి స్పెయిన్ వెళ్లేవాళ్లలో పెద్దవాళ్లు ఎక్కువ. స్పెయిన్ నుంచి బ్రిటన్ వచ్చేవాళ్లలో పనిచేసే వయసు వాళ్లు ఎక్కువ. ఆ కుర్రాళ్లు బ్రిటన్‌లో ఉద్యోగం చేస్తూ బ్రిటన్‌కే పన్ను కడతారు కాబట్టి, వాళ్ల వైద్యం బ్రిటన్ బాధ్యతే అవుతుంది. స్పెయిన్‌కు బిల్లు పంపే ప్రసక్తే లేదు. అంటే బ్రిటన్ తన ముసలివాళ్లను పంపి, స్పెయిన్ నుంచి పనిచేసే చేతులను తెచ్చుకుంది. చెల్లింపుల పట్టికలో ఈ లాభం కనిపించదు.

బ్రెగ్జిట్ చర్చల్లో అందరి దృష్టినీ తిప్పిన లెక్క ఇంకొకటి ఉంది. 2017లో నఫీల్డ్ ట్రస్ట్ అనే ఆరోగ్య విధానాల పరిశోధన సంస్థ ఒక ప్రశ్న వేసింది. ఎస్1 మీద యూరప్‌లో ఉన్న దాదాపు 1 లక్షా 90 వేల మంది బ్రిటన్ పింఛనుదారులు వైద్యం దొరక్క ఇంటికి తిరిగొచ్చేస్తే ఏమవుతుంది? జవాబు ఏంటంటే.. వాళ్ల కోసం విదేశాలకు కడుతున్నది ఏడాదికి 50 కోట్ల పౌండ్ల వరకు. అదే వాళ్లను స్వదేశంలో చూడాలంటే దాదాపు రెట్టింపు. అదనంగా 900 ఆసుపత్రి బెడ్లు, 1,600 మంది నర్సులు కావాలి. అసలే సిబ్బంది కొరతతో ఉన్న ఎన్‌హెచ్‌ఎస్‌కు ఇది మామూలు విషయం కాదు.

అంటే స్పెయిన్‌కు కడుతున్న బిల్లు బ్రిటన్‌కు భారం కాదు, ఒక రకంగా పొదుపు. ఈ సంగతి అర్థమయ్యాక ఎస్1ను నిలబెట్టడం లండన్‌కు కూడా అవసరమైంది.

మూడు డెడ్‌లైన్లు.. మూడుసార్లు టెన్షన్

2017 మార్చి 29న బ్రిటన్ అధికారికంగా బయటకు వెళ్లే ప్రక్రియ మొదలుపెట్టింది. రెండు పక్షాలూ మొదట పట్టుకున్న అంశాల్లో పౌరుల హక్కులు ఒకటి. 2017 డిసెంబర్‌కల్లా దీని మీద ఒక అవగాహన కుదిరింది. ఇప్పటికే అక్కడ స్థిరపడినవాళ్ల హక్కులు, అందులో వైద్యం కూడా, అలాగే కొనసాగుతాయని రాసుకున్నారు.

హమ్మయ్య అనుకునేలోపే మెలిక పడింది. ఆ అవగాహన మొత్తం ఒప్పందంలో ఒక భాగం మాత్రమే. ఒప్పందం పార్లమెంటులో పాసైతేనే అది అమల్లోకి వస్తుంది. 2019 జనవరి 15, మార్చి 12, మార్చి 29.. మూడుసార్లూ బ్రిటన్ కామన్స్ సభ ఆ ఒప్పందాన్ని తిప్పికొట్టింది. ఐర్లాండ్ సరిహద్దు దగ్గర పీటముడి పడింది. దాని దెబ్బ స్పెయిన్‌లో ఉన్న డయాలసిస్ రోగి మీద పడే పరిస్థితి వచ్చింది!

ఒప్పందం లేకుండా బయటకు వెళ్తే? దీన్నే 'నో డీల్' అన్నారు. అప్పుడు ఎస్1కు చట్టపరమైన ఆధారమే ఉండదు. ఆ అర్ధరాత్రి దాటితే స్పెయిన్ బిల్లు పంపడానికి గానీ, బ్రిటన్ కట్టడానికి గానీ నిబంధన మిగలదు.

డెడ్‌లైన్ మొదట 2019 మార్చి 29. తర్వాత ఏప్రిల్ 12 అయింది. తర్వాత అక్టోబర్ 31. చివరకు 2020 జనవరి 31. ప్రతిసారీ పెద్దవాళ్లకు అదే టెన్షన్. ఇల్లు అమ్మి వెనక్కి వెళ్లిపోవాలా? ప్రైవేట్ ఇన్సూరెన్స్ తీసుకుందామంటే 74 ఏళ్ల మనిషికి, అదీ కిడ్నీ జబ్బు ఉన్నవాడికి ఎవరిస్తారు? ఇచ్చినా పాత జబ్బుకు వర్తించదంటారు.

స్పెయిన్ ఏం చేసింది? బ్రిటన్ ఏం చేసింది?

ఇక్కడే పక్కదేశాల దౌత్యం అసలు పని మొదలైంది. యూరోపియన్ యూనియన్ స్థాయిలో చర్చలు ఆగిపోయినా, స్పెయిన్ తనవైపు నుంచి ఒక జాగ్రత్త తీసుకుంది. 2019 మార్చి 1న ఒక డిక్రీ తెచ్చింది. నో డీల్ వచ్చినా సరే, స్పెయిన్‌లో ఉంటున్న బ్రిటన్ వాళ్లకు 21 నెలల పాటు పాత పద్ధతిలోనే వైద్యం అందుతుందని అందులో రాసింది. కానీ ఒక షరతు పెట్టింది. బ్రిటన్ కూడా స్పెయిన్ వాళ్లకు అదే మర్యాద ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇది చెల్లదు.

బ్రిటన్ అదే నెలలో ఒక చట్టం చేసింది. యూరప్ దేశాలతో, స్విట్జర్లాండ్‌తో విడివిడిగా ఆరోగ్య ఒప్పందాలు చేసుకోవడానికి, వాటి కింద డబ్బు చెల్లించడానికి ప్రభుత్వానికి అధికారం ఇచ్చే చట్టం అది. 2019 మార్చి 26న రాజముద్ర పడింది. అసలు బిల్లులో ప్రపంచంలో ఏ దేశంతోనైనా ఒప్పందం చేసుకునే అధికారం ఉండేది. ఎగువ సభ దాన్ని కుదించి యూరప్‌కు పరిమితం చేసింది.

చూడటానికి ఇవన్నీ పొడి పొడి చట్టాలే. కానీ ఒక మనిషికి సోమవారం డయాలసిస్ జరుగుతుందా లేదా అన్నది తేల్చింది ఇవే.

చివరకు ఆ డిక్రీ అవసరమే పడలేదు. ఒప్పందం కుదిరింది. 2020 జనవరి 31న బ్రిటన్ బయటకు వచ్చింది. ఆ ఏడాది డిసెంబర్ 31 వరకు మార్పిడి కాలం నడిచింది. ఆ తేదీ లోపు చట్టబద్ధంగా అక్కడ నివాసం ఏర్పరుచుకున్నవాళ్లకు, అక్కడే కొనసాగినంత కాలం పాత హక్కులు ఉంటాయి. అప్పటికి పింఛను వయసు రానివాళ్లు కూడా, ఆ వయసు వచ్చాక ఎస్1 తీసుకోవచ్చు.

ఇంత గొడవలోనూ ఎందుకు కుదిరింది?

వ్యాపారం, చేపలు, సరిహద్దు.. అన్నింటి మీదా కొట్లాడుకున్న రెండు పక్షాలు వైద్యం దగ్గర మాత్రం ఎందుకు కలిశాయి? కారణం జాలి కాదు. ఇద్దరి మనుషులూ ఇద్దరి దగ్గరా ఉన్నారు. అదీ కారణం.

అప్పటి అంచనాల ప్రకారం బ్రిటన్‌లో ఉన్న యూరోపియన్ యూనియన్ పౌరులు 30 లక్షలకు పైగా. ఆ తర్వాత బ్రిటన్ పెట్టిన సెటిల్మెంట్ స్కీమ్ కింద దరఖాస్తు చేసుకున్నవాళ్లు 50 లక్షలు దాటారు! ఇటు యూరప్‌లో ఉన్న బ్రిటన్ వాళ్లు 10 లక్షలకు పైనే. ఒకవైపు వాళ్లు వైద్యం ఆపితే, రెండోవైపు వాళ్లూ ఆపుతారు. ఎవరికీ లాభం లేదు. మన పల్లెల్లో వియ్యంకుల మధ్య మాట పట్టింపులు వచ్చినా, అవతలింట్లో మన పిల్ల ఉందన్న ఆలోచన గొడవను పెద్దది కానివ్వదు. ఇక్కడా జరిగింది అదే.

దీనికి ఇంకా బలమైన ఉదాహరణ ఐర్లాండ్. బ్రిటన్‌కూ ఐర్లాండ్‌కూ మధ్య యూరోపియన్ యూనియన్‌తో సంబంధం లేకుండా, దశాబ్దాల నాటి ఉమ్మడి ప్రయాణ ఏర్పాటు ఉంది. 2019 మే 8న రెండు ప్రభుత్వాలూ దాన్ని మళ్లీ కాగితం మీద పెట్టి సంతకాలు చేశాయి. ఒక దేశం పౌరులు రెండో దేశంలో నివాసం ఉంటే అక్కడి వైద్యం అక్కడివాళ్లలాగే పొందొచ్చు. అంతేకాదు, ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీలో ఉన్న ఆల్ట్‌నగెల్విన్ ఆసుపత్రి రేడియోథెరపీ కేంద్రానికి ఐర్లాండ్ ప్రభుత్వం కూడా డబ్బు పెట్టింది. సరిహద్దు అవతల డోనెగల్ నుంచి క్యాన్సర్ రోగులు అక్కడికే వస్తారు. అదే ఉత్తర ఐర్లాండ్ పిల్లలకు గుండె ఆపరేషన్లు డబ్లిన్‌లో చేస్తారు. బ్రెగ్జిట్ వచ్చినా ఈ రాకపోకలు ఆగలేదు.

మరి ఎవరు జారిపోయారు?

అందరి కథా సుఖాంతం కాలేదు. ముఖ్యంగా మూడు రకాల వాళ్లు ఇబ్బంది పడ్డారు.

మొదటి రకం.. కాగితాలు చేయించుకోనివాళ్లు. ఏళ్ల తరబడి స్పెయిన్‌లోనే ఉన్నా, అధికారికంగా నివాసం నమోదు చేయించుకోనివాళ్లు ఉన్నారు. యూరోపియన్ యూనియన్‌లో భాగంగా ఉన్నంతకాలం ఎవరూ పెద్దగా అడగలేదు. 2020 డిసెంబర్ 31 తర్వాత అదే పెద్ద సమస్య అయింది. "ఆ తేదీకి ముందు నుంచే ఇక్కడ ఉన్నాను" అని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత వాళ్ల మీదే పడింది. కరెంటు బిల్లులు, అద్దె అగ్రిమెంట్లు వెతుక్కోవాల్సి వచ్చింది.

రెండో రకం.. ముందుగానే రిటైర్ అయినవాళ్లు. 55, 60 ఏళ్లకే ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్లకు బ్రిటన్ ప్రభుత్వ పింఛను రాదు. ఆ పింఛను వయసు 2020లోనే 66కు చేరింది, ఇప్పుడు 67 వైపు పెరుగుతోంది. పింఛను లేకపోతే ఎస్1 లేదు. ఇలాంటివాళ్లకు కొంతకాలం పాటు ఇచ్చే తాత్కాలిక ఎస్1ను బ్రిటన్ బ్రెగ్జిట్‌కు ముందే, 2014లో ఆపేసింది. స్పెయిన్‌లో వీళ్ల కోసం ఒక ప్రత్యేక స్కీమ్ ఉంది. ఏడాది నివాసం పూర్తయ్యాక డబ్బు కట్టి చేరొచ్చు. 65 ఏళ్ల లోపు వాళ్లకు నెలకు 60 యూరోలు, 65 దాటితే 157 యూరోలు. మందుల ఖర్చు మాత్రం మొత్తం వాళ్లదే.

మూడో రకం.. 2021 తర్వాత వెళ్లినవాళ్లు. వీళ్లకు ముందు వీసా కావాలి. వీసా లేకుండా 180 రోజుల్లో 90 రోజులే ఉండొచ్చు. స్పెయిన్‌లో ఉద్యోగం చేయకుండా స్థిరపడే వీసా కావాలంటే వైద్యానికి ఏర్పాటు ఉందని చూపించాలి. పింఛనుదారులైతే ఎస్1 చూపిస్తారు. కానివాళ్లు ప్రైవేట్ ఇన్సూరెన్స్ కొనాలి.

2036.. మళ్లీ అదే ప్రశ్న?

చాలామందికి తెలియని పాయింట్ ఇది. 2021 తర్వాత వెళ్లిన పింఛనుదారులకు ఎస్1 దొరుకుతున్నది వేరే ఒప్పందం కింద. 2020 డిసెంబర్ 24న కుదిరిన వాణిజ్య, సహకార ఒప్పందంలో సామాజిక భద్రత మీద ఒక ప్రోటోకాల్ ఉంది. దాని కాలపరిమితి 15 ఏళ్లు. ఆ ఒప్పందం పూర్తిగా అమల్లోకి వచ్చింది 2021 మే 1న. అంటే 2036లో ఆ ప్రోటోకాల్ గడువు ముగుస్తుంది. ఈలోపు రెండు పక్షాలూ కూర్చుని కొత్తది రాసుకోవాలి.

పాత ఒప్పందం కిందకు వచ్చినవాళ్లకు ఈ గడువు వర్తించదు. కానీ ఇప్పుడు 60 ఏళ్ల వయసులో ఉండి, రిటైర్ అయ్యాక స్పెయిన్ వెళ్దామనుకునేవాళ్లు ఈ తేదీని గుర్తుపెట్టుకోవాలి. వాళ్లకు 70 ఏళ్లు దాటేసరికి, వైద్యం అవసరం ఎక్కువయ్యే వేళకు, బ్రస్సెల్స్‌లో మళ్లీ చర్చలు జరుగుతుంటాయి.

మన పక్కన పరిస్థితి ఏంటి?

ఒప్పందం అనేది లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం ఉగ్రదాడి తర్వాత పాకిస్తాన్ పౌరుల వీసాలను భారత్ రద్దు చేసింది. వైద్యం కోసం వచ్చినవాళ్ల మెడికల్ వీసాలు ఏప్రిల్ 29 వరకే చెల్లుతాయని ప్రకటించింది. భద్రత విషయంలో దేశానికి తనదైన లెక్క ఉంటుంది. ఇక్కడ గమనించాల్సింది వేరే. మెడికల్ వీసా అనేది ఒక ప్రభుత్వం ఇచ్చే అనుమతి. ఎస్1 అనేది రెండు ప్రభుత్వాలు రాసుకున్న ఒప్పందం ఇచ్చే హక్కు. అనుమతి ఒక్క ప్రకటనతో పోతుంది. హక్కును తీసేయాలంటే రెండు పక్షాలూ ఏళ్ల తరబడి మాట్లాడుకోవాలి.

మరి విదేశాల్లోని తెలుగువాళ్ల సంగతి?

ఇక్కడే మనవాళ్లు కాస్త జాగ్రత్తగా చదవాలి. బ్రిటన్‌లో చదువుకునే, ఉద్యోగం చేసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కానీ భారత్‌కూ బ్రిటన్‌కూ మధ్య ఎస్1 లాంటి ఏర్పాటు లేదు. అందుకే వీసాకు అప్లై చేసేటప్పుడే ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జ్ కట్టాలి. 2015లో ఇది మొదలైనప్పుడు ఏడాదికి 200 పౌండ్లు. 2024 ఫిబ్రవరి 6 నుంచి 1,035 పౌండ్లు. స్టూడెంట్లకు, 18 ఏళ్ల లోపు వాళ్లకు 776 పౌండ్లు.

ఐదేళ్ల వర్క్ వీసా తీసుకుంటే ఒక్కరికే 5,175 పౌండ్లు. మారకం రేటును బట్టి మన డబ్బుల్లో సుమారు 6 లక్షల రూపాయలు. భార్యాభర్తలు, పిల్లలు కలిస్తే ఇంకా ఎక్కువ. అదీ ముందే, ఒకేసారి. ఇది కాకుండా జీతంలోంచి పన్నులు కోతపడుతూనే ఉంటాయి. హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా మీద వెళ్లిన నర్సులు, డాక్టర్లకు మాత్రం ఈ సర్‌చార్జ్ మినహాయింపు ఉంది.

"2025లో భారత్, బ్రిటన్ మధ్య వాణిజ్య ఒప్పందం కుదిరింది కదా, ఇది పోలేదా?" అని అడిగేవాళ్లున్నారు. పోలేదు. ఆ ఒప్పందంతో పాటు అనుకున్నది సామాజిక భద్రత చందా గురించి. కంపెనీ తరఫున తాత్కాలికంగా బ్రిటన్ వెళ్లే ఉద్యోగి ఒకేసారి రెండు దేశాల్లోనూ చందా కట్టక్కర్లేకుండా చూడటం దాని ఉద్దేశం. హెల్త్ సర్‌చార్జ్ అలాగే ఉంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. పిల్లల దగ్గరకు విజిటర్ వీసా మీద వెళ్లే అమ్మానాన్నలు. వీళ్లు సర్‌చార్జ్ కట్టరు కాబట్టి ఆ రక్షణ కూడా ఉండదు. ఇంగ్లండ్‌లో ఎమర్జెన్సీ విభాగంలో మొదట చూసినందుకు డబ్బు తీసుకోరు. కానీ ఆసుపత్రిలో అడ్మిట్ అయితే లెక్క మారుతుంది. వీళ్లలాంటి సందర్శకులకు మామూలు రేటు కంటే ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు బీపీ, షుగర్, గుండె జబ్బు లాంటి పాత సమస్యలు దాచకుండా రాయాలి. దాస్తే క్లెయిమ్ దగ్గర దొరికిపోతారు.

గల్ఫ్‌లో అయితే ఇంకో పద్ధతి. యూఏఈలో 2025 జనవరి 1 నుంచి అన్ని ఎమిరేట్లలోనూ ప్రైవేట్ ఉద్యోగులకు యజమాని హెల్త్ ఇన్సూరెన్స్ చేయించడం తప్పనిసరి. కరీంనగర్, జగిత్యాల, కడప, కోనసీమ నుంచి వెళ్లిన కార్మికులకు ఇది మంచిదే. కానీ గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే.. ఆ కార్డు ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే కార్డూ పోతుంది. 30 ఏళ్లు అక్కడ కష్టపడి ఇంటికి తిరిగొచ్చిన మనిషి మోకాళ్ల నొప్పికి, కిడ్నీ జబ్బుకు ఆ దేశం నుంచి ఒక్క రూపాయి కూడా రాదు. ఆ వయసులో ఖర్చంతా ఆ కుటుంబానిదే, లేదంటే ఇక్కడి ఆరోగ్యశ్రీ లాంటి పథకాలదే.

చివరిగా..

అలికాంటెలో మనం ఊహించుకున్న ఆ పెద్దాయన దగ్గరకు మళ్లీ వద్దాం. ఇప్పుడు కూడా ఆయన వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్తున్నాడు. అదే బెడ్డు, అదే నర్సు. ఆయన జీవితమంతా బ్రిటన్‌లో పనిచేశాడు. ఆ పనికి రావాల్సిన వైద్యం ఆయన వెంట సరిహద్దు దాటి వచ్చింది. ఆయన గొప్పదనం వల్లో, స్పెయిన్ మంచితనం వల్లో కాదు. తన కార్మికుడి వృద్ధాప్యానికి తనదే బాధ్యత అని ఒక దేశం కాగితం మీద రాసి ఒప్పుకుంది కాబట్టి.

మన వలస కార్మికుల విషయంలో ఇలాంటి కాగితం ఏ దేశమూ ఇంకా రాయలేదు. అప్పటిదాకా వెళ్లేవాళ్లు వీసా, జీతం ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో, జబ్బు చేస్తే బిల్లు ఎవరు కడతారన్నది కూడా అంతే జాగ్రత్తగా అడిగి, రాతపూర్వకంగా తీసుకుని వెళ్లాలి.